చింతపండుతో తోమిన పిస్తోలు

2022 వేసవిలో మా పెద్దమామ ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, నువ్వు ఆ పాత బిళ్ళలూ తాళాలూ పోగేస్తుంటావు గదా, ఒకసారి వచ్చి పో. మిద్దె కూలుస్తుంటే భోషాణంలో తుపాకి ఒకటి దొరికింది" అన్నాడు. వాళ్ళ ఊరు కనిగిరి దగ్గర. మట్టి మిద్దె తీసేసి స్లాబు ఇల్లు కట్టుకుంటున్నారు. నేను నెల్లూరులో ఉంటాను. ఈస్టిండియా కంపెనీ కాలం నాటి రాగి నాణేలు, పాత ఇత్తడి తాళాలు తప్ప తుపాకుల సంగతి నాకు బొత్తిగా తెలియదు. అయినా ఫోన్‌లోనే రెండు మాటలు చెప్పాను: దాన్ని ఎవరివైపూ తిప్పొద్దు, ఎవరూ శుభ్రం చేయొద్దు.

మొదటి మాట విన్నారు. రెండోది చెప్పేసరికే ఆలస్యమైంది.

శనివారం వెళ్ళేసరికి నులకమంచం మీద తువ్వాలు పరిచి దాని మీద పడుకోబెట్టారు. మూరెడు కంటే కొంచెం తక్కువ పొడవు, చేతిలోకి తీసుకుంటే కిలో పైమాటే. ఇనప గొట్టం, పక్కన సుత్తి, ట్రిగ్గర్ చుట్టూ ఇత్తడి కమ్మీ, పిడి చివర గుండ్రటి ఇత్తడి తొడుగు. ఆ తొడుగు ఎడమ సగం పూజ చెంబులా తళతళలాడుతోంది. కుడి సగం పాత బెల్లం రంగులో నల్లగా ఉంది. రెండింటి మధ్య గీత గీసినట్టు హద్దు.

"చింతపండు పెట్టి తోముతుంటే మీ మామ వచ్చి అరిచాడు. లేకుంటే మొత్తం తోమేసేదాన్నే" అంది అత్త, కాస్త నొచ్చుకుంటూనే.

అత్తను ఏమనగలను? ఇత్తడి కనిపిస్తే చింతపండు పెట్టడం మన ఇళ్ళలో చేతికి అలవాటైన పని. కానీ పాత వస్తువులు కొనేవాడు మొదట చూసేది ఆ నల్లటి పొరనే. నూట యాభై ఏళ్ళ చేతి చెమట, పొగ, గాలి కలిసి పట్టిన పొర అది. దాన్ని మళ్ళీ పుట్టించడం ఎవరి తరమూ కాదు. పులుసు నీళ్ళు ఇత్తడితో ఆగలేదు కూడా, చెక్కకీ ఇనుముకీ మధ్య సందుల్లోకి దిగాయి. తెల్ల గుడ్డ పెట్టి మెల్లగా అద్ది చూశాను. గొట్టం పైభాగం మీది ముదురు గోధుమ రంగు గుడ్డకి అంటలేదు. అది ఎప్పుడో పట్టి గట్టిపడిపోయిన తుప్పు, దాని వల్ల భయం లేదు. సందు వెంబడి మాత్రం గుడ్డకి నారింజ రంగు గీత పడింది. అది రెండు రోజుల కిందట పుట్టిన తుప్పు, ఇంకా తింటూనే ఉంది. ఆ గీత మీద ఒక చుక్క మిషను నూనె, చెక్కకి తగలకుండా, పుల్లతో రాశాను. అంతకుమించి ఏ రిపేరూ నేను చేయలేదు.

తర్వాత అసలు టెన్షన్ మొదలైంది. ఇలాంటి తుపాకుల్లో మందూ గుండూ మూతి నుంచే దట్టిస్తారు. పేల్చకుండా పక్కన పెట్టేస్తే లోపల అలాగే ఉండిపోతాయి, వందేళ్ళైనా సరే. ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. మూతికి ఎదురుగా నిలబడకుండా, పక్క నుంచి ఒక పుల్లను గొట్టంలోకి అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టుకోవాలి. అదే పుల్లను బయట గొట్టం వెంబడి ఆనించి చూస్తే, దాని కొస వెనక నిప్పు రంధ్రం దాకా రావాలి. చీపురు లోంచి ఒక కొబ్బరి ఈనె తీసి దించాను. గొట్టం తొమ్మిది అంగుళాలు. ఈనె ఏడున్నర దగ్గర ఆగిపోయింది.

అంగుళంన్నర మేర లోపల ఏదో ఉంది. మామ మనవళ్ళని వీధిలోకి తరిమేశాడు. అప్పటిదాకా దాన్ని పట్టుకుని ఫోటోలు దిగినవాళ్ళు వాళ్ళే మరి.

ఒంగోలులో లాయరుగా ఉన్న మిత్రుడికి ఫోన్ చేశాను. నేను అడగకముందే "బస్సులో వేసుకుని నెల్లూరు తీసుకుపోతావేమో, ఆ పని మాత్రం చేయకు" అన్నాడు. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉండటమూ నేరమే, మోసుకు తిరగడమూ నేరమే. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ కింద ఒక మినహాయింపు ఉంది: కాలం చెల్లిన రకం, పురావస్తు విలువ ఉన్నది, లేదా పాడైపోయిన ఆయుధం అయితే ఆ చట్టం వర్తించదు. అయితే ఒక షరతు. రిపేరు చేసినా చేయకపోయినా అది తుపాకిగా పనికిరానిదై ఉండాలి. పాతదైతే చాలు అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను. చాలదు. చూడండి తమాషా, పోగేసేవాళ్ళకి స్ప్రింగు ఆడాలి, సుత్తి పడాలి, అన్నీ పనిచేస్తేనే రేటు. చట్టానికి మాత్రం అది చచ్చి ఉండాలి.

"స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. పరీక్ష సంగతి తర్వాత" అన్నాడు లాయరు. అప్పగించే ముందు రెండు గంటలు ఫోటోలు తీసుకున్నాను, ప్రతి మరనూ (స్క్రూనూ), ప్రతి అతుకునూ, టార్చిలైటు ఏటవాలుగా పట్టి. ఎదురుగా వెలుతురు పడితే ముద్రలు కనపడవు, పక్కగా పడితే నీడ వచ్చి అక్షరం లేచి నిలబడుతుంది. నాణేలు చూసి చూసి నేర్చుకున్న విద్య ఇక్కడ పనికొచ్చింది. సుత్తి ఉన్న పలక మీద వెనక కాళ్ళపై లేచి ముందు కాళ్ళతో కిరీటం పట్టుకున్న సింహం (అది కంపెనీ గుర్తు), 1856 అనే అంకెలు. గొట్టం ఎడమ పక్కన రెండు చిన్న ముద్రలు.

స్టేషన్‌లో జరిగింది చెప్తే నవ్వొస్తుంది. రసీదు ఫారంలో తుపాకి నంబరు రాయాలి. దీనికి నంబరు లేదు, అప్పట్లో ఉండేది కాదు అంటే రాసేవాడు వినలేదు. పలక మీద అంకెలు చూసి "ఇదిగో ఉంది గదా" అని నంబరు 1856 అని రాసేశాడు. ఆ ఒక్క అంకె తర్వాత ఒక ఆఫీసులో మా కాగితాలను మూడు నెలలు ఆపింది. నంబరు 1856 తుపాకి లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో తెలపమని మాకు లేఖ కూడా వచ్చింది.

అదే 1856 మా మామకి ఇంకో రకంగా కష్టం తెచ్చింది. ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషుల చేతి పిస్తోలని, మామ వాళ్ళ తాత చెప్పేవాడట. ఊహించలేని మాట కాదు. నరసింహారెడ్డి 1846లో గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడ్డాడు, ఆ ఊరు మాకు పరాయిది కాదు. కానీ ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరిలో. పలక మీదేమో 1856. తొమ్మిదేళ్ళ తేడా. ఈ లెక్క చెప్పినప్పుడు మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ అంకెలు తర్వాతెప్పుడో కొట్టుంటారు" అన్నాడు.

కోపంతో అన్న మాటే గానీ, అందులో పెద్ద ప్రశ్న ఉంది. అంకెలు తర్వాత కొట్టినవి కావని ఎలా చెప్పగలం?

పాత తుపాకుల మార్కెట్లో అన్నిటికంటే తేలిగ్గా పుట్టేది ముద్రే. గోడకి తగిలించుకునే అలంకారం తుపాకుల మీద కూడా సింహం ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. పెద్ద ఊళ్ళో పాత సామాను అమ్మే ఒకాయన వాట్సాప్‌లో నాకు అలాంటివి నాలుగు పంపాడు. ఒకదాని మీద సింహం మా వీధి కుక్క గజ్జికి గోక్కుంటున్నట్టు ఉంది. చెక్క నిండా ఇత్తడి చుక్కలూ నక్షత్రాలూ. సైన్యానికి చేసిన తుపాకి మీద ఆ సోకులేవీ ఉండవు. మర నెత్తిన గాడి చూసినా తెలిసిపోతుంది. పాత పనివాడు కోసిన గాడి సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆ నకిలీల్లో హాక్సా బ్లేడుతో కోసినట్టు వెడల్పుగా ఉంది.

మన దాని ముద్రల దగ్గరికొస్తే, వాటిని పట్టించింది తుప్పే. కొత్త నున్నటి ఇనుము మీద ముద్ర కొట్టి, ఆ తర్వాత వందేళ్ళు తుప్పు పడితే, ఆ గుంటలు అక్షరాన్ని కూడా తినేస్తాయి, అంచులు మొక్కపోతాయి. గుంటలు పడ్డ పాత ఇనుము మీద నిన్న ముద్ర కొడితే, గుంటల మధ్య అక్షరం మాత్రం పదునుగా కొత్తగా నిలుస్తుంది. ఫోటోని పెద్దది చేసి చూస్తే 1856లో ఐదు పొట్టని ఒక గుంట కొరికేసింది. ఆరు తల సగం లేదు. సింహం తోకలో సూది మొనంత రంధ్రం. ఇవి తుప్పు కంటే ముందు పుట్టిన ముద్రలు.

గొట్టం మీది రెండూ కిరీటం కింద జి, పి అక్షరాలు పెనవేసినది ఒకటి, కిరీటం కింద వి ఇంకొకటి. లండన్ గన్‌మేకర్స్ కంపెనీ పరీక్ష ముద్రలు ఇవి. 1637లో ఇంగ్లండు రాజు చార్టర్ (అధికార పత్రం) ఇచ్చిన తుపాకుల పనివాళ్ళ సంఘం అది. గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, పగలకపోతే ముద్ర వేస్తారు. లేత్ షాపు మిత్రుడి వెర్నియర్ తీసుకెళ్ళి మూతి కొలిచి ఉంచాను, పదహారున్నర మిల్లీమీటర్లు. అంటే అంగుళంలో నూటికి అరవై ఐదు వంతులు. ఆ రోజుల్లో గుర్రపు దళం వాడిన కొలత అదే.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. అంతకు ముందు తరం తుపాకులు చెకుముకి రాయితో పేలేవి. సుత్తి రాయిని ఉక్కుకి కొడితే నిప్పురవ్వ పుట్టి మందు అంటుకునేది. తర్వాత చిన్న రాగి టోపీ వచ్చింది. టోపీని వెనకున్న మొన మీద తొడిగితే, సుత్తి దెబ్బకి అది పేలి నిప్పు లోపలికి పోతుంది. పాత చెకుముకి తుపాకులని చాలావాటిని టోపీకి మార్చారు. మార్చినవాటిలో పలక మీద పాత మరల రంధ్రాలు పూడ్చిన గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. మన పలక మీద అవి లేవు. పుట్టుకతోనే టోపీ పిస్తోలు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. అయినా ఆ ఫోటోలు చూస్తున్నంతసేపూ ఏదో తేడా కొట్టేది. ఏమిటో తెలిసేది కాదు.

అసలైనవి కళ్ళతో చూద్దామని చెన్నై వెళ్ళాను. సెలవు పెట్టి పినాకిని రైలెక్కి, సెయింట్ జార్జ్ కోటలో మ్యూజియం గేటు దాకా పోయాక తెలిసింది, శుక్రవారం సెలవట. ఆ పూట బంధువుల ఇంట్లో పడుకుని శనివారం మళ్ళీ వెళ్ళాను. అద్దాల వెనక కంపెనీ కాలపు ఆయుధాలు. గంటన్నర సేపు చూశాను. కాపలా అతను రెండుసార్లు వచ్చి నా వెనక నిలబడి పోయాడు.

అక్కడ పట్టుబడింది తేడా. వాడిన తుపాకి మీద దెబ్బ ఒకచోట మొదలై ఇంకోచోట ముగుస్తుంది. ఇత్తడి మీద పడిన గాటు పక్కనున్న చెక్కలోకి కూడా నడుస్తుంది. గుర్రపు జీనుకో రాతికో తగిలినప్పుడు, ఇది ఇత్తడి ఇది చెక్క అని దెబ్బకి తెలియదు కదా. ఫోన్‌లో ఉన్న మన పిస్తోలు ఫోటో తెరిచి చూశాను. పిడి తొడుగు మీద గోరంత లోతు సొట్ట ఉంది. అది అంచు దాకా వచ్చి ఆగిపోయింది. దాని పక్కనే ఉన్న చెక్క నున్నగా ఉంది, చిన్న గీత కూడా లేదు. ట్రిగ్గర్ కమ్మీ వేలు పడేచోట అరిగి సన్నబడింది, అరచెయ్యి పడే చెక్క మాత్రం అరగలేదు. ఇనుమూ ఇత్తడీ ముసలివి, చెక్క వాటి కొడుకు వయసుది.

ఈ మాట పాత సామాను ఆయనకి చెప్పాను, నా తెలివితక్కువతనం. వెంటనే బేరానికి దిగాడు. ఉన్నదున్నట్టు లక్షన్నర ఇస్తాడట. చెక్క మార్పించి, సింహాన్ని కాస్త లోతు చేయిస్తే మూడు. "కాగితాలు గీగితాలు పెట్టుకోకండి సార్, విదేశాల్లో పార్టీలున్నాయి" అన్నాడు. వందేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు వాళ్ళు దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. అతని నంబరు బ్లాక్ చేశాను. సింహాన్ని లోతు చేయించడం అన్న మాట మాత్రం చాలా రోజులు చెవిలో ఉండిపోయింది.

దసరా వెళ్ళాక ఒంగోలులో పోలీసు ఆర్మరర్ (ఆయుధాలు సరిచేసే మనిషి) దగ్గర పరీక్ష. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి, మాటలు తక్కువ. పక్కన నిలబడి చూడటానికి ఒప్పుకున్నాడు, చెయ్యి మాత్రం పెట్టొద్దన్నాడు. మొదట గొట్టంలోకి నూనె పోసి ఒక రాత్రి ఉంచాడు. మర్నాడు కొసన మెలి ఉన్న కడ్డీతో తిప్పి తిప్పి లాగాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. కాగితం మీద రాలింది మట్టి. ముద్దలు ముద్దలుగా ఎర్రమట్టి, అందులో ఎండిపోయిన పురుగుల రెక్కలు. కందిరీగ గూడు. నాలుగు నెలలు అంగుళంన్నర మందుగుండు అనుకుని నేను నిద్ర చెడగొట్టుకున్నది దానికోసం. ఆర్మరర్ నవ్వలేదు. "మందు ఉన్నవి కూడా ఇదివరకు చూశాను. మీరు చేసింది కరెక్టే" అన్నాడు.

తర్వాత మరలు విప్పాడు. ప్రతి మరనూ విప్పిన వరుసలోనే థర్మోకోల్ ముక్కకి గుచ్చాడు. చేత్తో కోసిన మరలు అవి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పలక లోపలి వైపు ప్రతి ముక్క మీదా, మర మొదళ్ళ మీదా ఆకురాయితో గీసిన నాలుగేసి చిన్న గాట్లు. ఇవన్నీ ఒక జట్టు, కలపకండి అని ఎవడో ఇంగ్లీషు పనివాడు పెట్టుకున్న గుర్తు. ఒక్క మర మీద గాట్లు లేవు, అది తర్వాత వచ్చింది. సుత్తిని సగం ఎత్తులో ఆపితే ఆగాలి, ఇది జారి పడింది. లోపలి పన్ను అరిగిపోయింది. పెద్ద స్ప్రింగు మాత్రం ఇంకా బతికే ఉంది. అది టప్పున కొట్టుకునేసరికి నా గుండె కూడా కొట్టుకుంది. ఇంత చురుగ్గా ఉంటే చట్టం దృష్టిలో ఇది తుపాకే, ఇక ఇంటికి రాదు అనుకున్నాను.

గొట్టాన్ని చెక్కలోంచి లేపాడు. చెక్క వాసన చూడమన్నాడు. టేకు. ఇంగ్లండులో చేసినదైతే వాల్‌నట్ ఉండాలి. గొట్టం కూర్చునే గాడిలో గుండ్రటి ఉలి దెబ్బలు, సందులు నింపడానికి ఎర్ర లక్క. మనూళ్ళలో వడ్రంగి చేతిపని, చక్కటి పనే. మందు దట్టించే కడ్డీని లాగి చూస్తే అది పాత గొడుగు కడ్డీ. ఇలాంటి పిస్తోళ్ళకి కడ్డీ కీలుతో మూతికే అతుక్కుని ఉంటుంది, గుర్రం మీద పోతుంటే జారిపోకుండా. ఆ కీలు ఇక్కడ లేనే లేదు.

గొట్టాన్ని బోర్లించి అడుగు భాగం రుద్దాడు. చెక్కలో దాగి ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడని చోట, వెనక కొస నుంచి ముందుకి వెంట్రుకలా ఒక గీత. గోటితో తడిమితే తగిలింది. అంగుళం పైనే ఉంది. "ఎప్పుడో మందు ఎక్కువేసి పేల్చారు. ఇది వెల్డింగు చేసినా ఆగదు" అన్నాడు.

అప్పుడు మిగతావన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. గొట్టం చీలిన దెబ్బకి మొదటి చెక్క పగిలిపోయి ఉంటుంది. పేల్చడానికి పనికిరాని పిస్తోలుకి ఎవరో ముచ్చటపడి టేకు చెక్క చేయించారు. ఇక మందు దట్టించే పని లేదు కాబట్టి గొడుగు కడ్డీ చాలింది. ఎవరూ పట్టుకుని తిరగలేదు కాబట్టి చెక్క అరగలేదు. నాకు తేడాగా తోచినవన్నీ ఒకే ప్రమాదం మిగిల్చిన ఆనవాళ్ళు. పాత సామాను ఆయన చేయిస్తానన్నదీ, ఆ వడ్రంగి చేసిందీ పైకి ఒకటే, చెక్క మార్చడమే. వడ్రంగి లక్క నింపిన సందుని దాచే ప్రయత్నం మాత్రం చేయలేదు, ఎర్రగా కనపడుతూనే ఉంది.

రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాదు అని ఆర్మరర్ రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, నంబరు 1856 చిక్కు విప్పించి, వస్తువు ఇంటికి వచ్చేసరికి మరుసటి ఏడు ఉగాది దాటింది. పలకా, గొట్టమూ, ఇత్తడీ అసలువి. చెక్క, కడ్డీ, ఒక మర మార్చినవి. కొనేవాడి లెక్కలో ఇది సగం సరుకు.

మామ ఇప్పుడు కథ మార్చాడు. నరసింహారెడ్డి పోయాక ఆయన మనుషులు కంపెనీ వాళ్ళ దగ్గర లాక్కున్నదట. నేను కాదనలేదు, అవుననలేదు.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అత్త భోషాణం తెరిపించి దాన్ని చూపించింది. తెల్ల నూలు గుడ్డలో చుట్టి ఉంది. పిడి తొడుగు ఎడమ సగం కాస్త మసకబారింది గానీ హద్దు గీత అలాగే ఉంది. అత్త దాని వంక చాలాసేపు చూసి, "ఆ రెండో పక్క కూడా తోమేస్తే చూసేవాళ్ళకి సమానంగా ఉంటుంది గదా అబ్బయ్యా" అంది.

భోషాణం తాళం చెవి ప్రస్తుతం మామ మొలతాడుకి ఉంది.